న్యూరెంబర్గు న్యాయసభ: లారా నైట్ వ్రాసిన తైలవర్ణపటము

చరిత్రకారునకు శాసనములు, నాణెములు, కైఫీయతులు, విదేశయాత్రికుల వ్రాతలు మొదలైనవి యాధారములు. చిత్రపటము నాధారముగా గైకొనుటకు మాత్రము మన పండితులు కొంత సంశయింతురు. చిత్రకారుడు తాను చూచినదానికి జూడనిదానిని జేర్చునని, చూచినదానిలో గొంత విడుచునని, కావున నతని పటము సాక్ష్యమునకు జాలదని వారి యభిప్రాయము. ఈ సంశయము నిరాధారమైనది కాదు. కాని యొక్కొక్క చిత్రమున, చూడక చేర్చిన యంశమే ముఖ్యసాక్ష్యముగా బరిణమించుట గలదు. అట్టి పటమొకటి లండను నగరమున ఇంపీరియల్ వార్ మ్యూజియమను యుద్ధవస్తుశాల సంగ్రహమున నున్నది. దానిని గూర్చి విచారించుట యీ వ్యాసమునకు బ్రయోజనము.

పటము పేరు 'న్యూరెంబర్గు విచారణ'. వ్రాసిన చిత్రకర్త్రి లారా నైట్ అను నాంగ్లవనిత. కాలము 1946 వ సంవత్సరము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన వెంటనే, జర్మనీదేశపు నాజీ నాయకులను నాలుగు రాజ్యములవారు గూడి విచారించిన న్యాయసభయే యిందలి విషయము. తైలవర్ణములతో గుడ్డపై వ్రాయబడిన యీ పటము ఇంచుమించుగా ఆరడుగుల యెత్తును, అయిదడుగుల వెడల్పును గలది.

మొదట చిత్రకర్త్రిని గూర్చి కొంత తెలిసికొనవలయును. లారా నైట్ 1877 వ సంవత్సరము ఆగస్టు 4 వ తేదీన డర్బీషైరు మండలమున లాంగ్ ఈటన్ అను పట్టణమున జన్మించెను. తల్లి చిత్రలేఖనము నేర్పి కుటుంబమును బోషించినది. తల్లి ప్రోత్సాహముననే యీమె పదుమూడేండ్ల ప్రాయమున నాటింగ్‌హాము చిత్రకళాశాలలో బ్రవేశించెను. ఆ కాలమున నచట స్త్రీలకు సజీవమైన నగ్నమూర్తిని జూచి వ్రాయు తరగతిలో బ్రవేశము లేదు. పోతబొమ్మలను జూచియే వారు మనుష్యదేహమును వ్రాయ నేర్వవలసియుండెను. ఈ నిషేధము నీమె మరువలేదు. 1913 లో, నగ్నయైన యొక స్త్రీని జిత్రించుచున్నట్లుగా దన్ను దానే వ్రాసికొన్న పటమును రాయల్ అకాడమీవారు ప్రదర్శనమునకు స్వీకరింపరైరి. ఆ పటమే 1971 లో, ఆమె మరణానంతరము, నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీవారు కొని భద్రపరచిరి.

నాటకశాలల తెరవెనుక జీవితమును, సర్కసు డేరాలను, దేశదిమ్మరుల బండ్లను వ్రాసి యీమె ప్రసిద్ధి గాంచెను. 1929 లో 'డేమ్' అను బిరుదము లభించెను. 1936 లో రాయల్ అకాడమీకి బూర్ణసభ్యురాలుగా నెన్నుకొనబడెను. 1768 లో నా సంస్థ పుట్టినపుడు ఆంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్ అను నిరువురు స్త్రీలు స్థాపకసభ్యులుగా నుండిరి. అటుపిమ్మట 168 సంవత్సరములు గడచిన గాని మరియొక స్త్రీకి బూర్ణసభ్యత్వము దొరకలేదు. ఈ సంఖ్యనుబట్టియే యీమె యెట్టి యడ్డుగోడలను దాటివచ్చినదో తెలియగలదు.

యుద్ధకాలమున బ్రిటిషు ప్రభుత్వము కళాకారులచే యుద్ధచిత్రములను వ్రాయించుటకై 1939 లో నొక సలహాసంఘము నేర్పరచెను. కెన్నెత్ క్లార్కు అను కళావిమర్శకుడు దాని కధ్యక్షుడు. ఆ సంఘము కోరగా లారా నైట్ 1943 లో, ఫిరంగి వెనుకకొసను మూయు భాగమునందలి యుక్కువలయమునకు మరలు చెక్కుచున్న రూబీ లోఫ్టస్ అను యువతి చిత్రమును వ్రాసెను. నిజమైన యంత్రము, నిజమైన కర్మాగారము, నిజమైన మనిషి, ఉన్నది యున్నట్లు కనబడు పటమది. ఆ సంవత్సరపు టకాడమీ ప్రదర్శనమున దానికి గొప్ప యాదరణము గలిగెను. ఈమె స్వభావముచేత యథాదృష్టవాదిని యని యిందువలన దెలియుచున్నది. మన విష్ణుధర్మోత్తరపురాణమునందలి చిత్రసూత్రము చిత్రములను సత్యము, వైణికము, నాగరము, మిశ్రము అని నాలుగు విధములుగా విభజించినది. లోకసాదృశ్యము గలది సత్యము. ఆ పరిభాషలో జెప్పవలెనన్న, లారా నైట్ జీవితమంతయు సత్యచిత్రములనే వ్రాసినది. అట్టి యామె 68 వ యేట న్యూరెంబర్గు చేరి, కన్నులార జూచిన గదికి గోడలు తీసివేసినది. ఏల? ఇదియే మన విచారమునకు ముఖ్యప్రశ్నము.

ఇక న్యాయసభ చరిత్రము. 1945 ఆగస్టు 8 వ తేదీన లండనులో బ్రిటను, అమెరికా, ఫ్రాన్సు, సోవియట్ రష్యా ప్రభుత్వములు ఒడంబడిక చేసికొని యంతర్జాతీయ సైనికన్యాయసభ నేర్పరచెను. నేరారోపణములు నాలుగు: కుట్ర, శాంతికి విరుద్ధమైన నేరములు, యుద్ధనేరములు, మానవజాతికి విరుద్ధమైన నేరములు. న్యాయసభ కధ్యక్షుడు బ్రిటిషు న్యాయాధిపతియగు జెఫ్రీ లారెన్సు. విచారణ 1945 నవంబరు 20 వ తేదీన బ్రారంభమై, 1946 అక్టోబరు 1 వ తేదీన దీర్పుతో ముగిసెను. నేరారోపణము 24 గురిపై జరిగెను గాని బోనులో గూర్చున్నవారు 21 గురే. రాబర్టు లే చెరసాలలో నాత్మహత్య చేసికొనెను. గుస్టావ్ క్రుప్ వ్యాధిగ్రస్తుడగుటచే విచారణకు రాలేదు. మార్టిన్ బోర్మన్ దొరకకుండుటచే నతడు లేకయే విచారణ జరిగెను. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, రష్యను భాషలు నాలుగింటను ఒక్కమారుగా ననువాదము జరుగుచుండుటచే, సభలోనివారందరు చెవులకు శ్రవణయంత్రములు తగిలించుకొని కూర్చుండవలసివచ్చెను.

స్థలమును గూర్చియు నొకమాట. న్యూరెంబర్గు జర్మనీలో బ్రాచీన నగరము. ఆల్బ్రెక్టు డ్యూరర్ అను మహాచిత్రకారుడు 1471 లో నిచటనే జన్మించి 1528 లో నిచటనే గతించెను. 1933 మొదలు 1938 వరకు బ్రతిసంవత్సరము నాజీల మహాసభలు జరిగినదియు నిచటనే. యూదులకు బౌరసత్వమును హరించిన 1935 వ సంవత్సరపు శాసనములు ప్రకటింపబడినదియు నిచటనే. 1945 జనవరి 2 వ తేదీరాత్రి బ్రిటిషు విమానదళము బాంబులు కురియగా బాతనగరములో నూటికి సుమారు 90 పాళ్లు నేలమట్టమయ్యెను. ఆ శిథిలముల నడుమ న్యాయభవనమును, దాని నంటియున్న చెరసాలయు నుపయోగమునకు దగి నిలిచియుండుటచే విచారణకు నదియే స్థానమయ్యెను.

విచారణను జిత్రించుట చరిత్రకు మిక్కిలి యవసరమని తలచి, దానిని దానే సలహాసంఘమునకు సూచించి, లారా నైట్ 1946 జనవరిలో న్యూరెంబర్గు చేరెను. ముద్దాయిల బోనునకు బైగా నున్న రేడియోప్రసారకుల గూటినుండి సభను జూచి బొగ్గుకడ్డీతో రేఖాచిత్రములు వ్రాసికొనుట కామె కనుమతి లభించెను. ఇంచుమించుగా మూడు నెలలు ముద్దాయిలను, న్యాయవాదులను బరిశీలించెను. సాయంకాలము వెలుపలికి వచ్చినపుడు కనబడునది మొండిగోడలు, రాళ్లకుప్పలు. లోపల వినునది మరణకథలు; వెలుపల జూచునది వినాశము. ఆ నగరమున మృత్యువును, విధ్వంసమును దప్పించుకొనుటకు వీలులేదనియు, అవి పటములోనికి రాక తప్పలేదనియు నామె సంఘమువారికి వ్రాసిన లేఖవలన దెలియుచున్నది.

పటమున గనబడున దేమి? క్రిందిభాగమంతయు యథాదృష్టము. ముద్దాయిలు రెండు వరుసల బల్లలపై గూర్చుండియున్నారు. ముందు వరుస మొదట గోరింగ్, అతనిప్రక్క హెస్, తరువాత రిబెన్‌ట్రాప్, కైటెల్ మొదలగువారు. వెనుక వరుసలో డోనిట్సు, రేడర్ మొదలగువారు. వారి వెనుక తెల్లని శిరస్త్రాణములు ధరించిన కాపలాభటులు వరుసగా నిలిచియున్నారు. బోనుముందు న్యాయవాదులు కాగితములు నిండిన బల్లలయొద్ద గూర్చుండియున్నారు. ఎవరి మొగమునను గ్రౌర్యము లేదు, గొప్పతనమును లేదు. విసుగు చెందిన గుమాస్తాలవలె, రైలుబండికై కాచియున్న ప్రయాణికులవలె నున్నారు. లోకమును గాల్చినవారు వీరేనా యని చూచువానికి సందేహము గలుగును. ఇక పైభాగమున గది వెనుకగోడ లేదు. ప్రక్కగోడయు లేదు. గోడ లుండవలసినచోట, కూలిన యిండ్లు, మొండిగోడలు, మంటలు, పొగ. సభ యంతయు నిశ్శబ్దముగా నొక శ్మశానపు గట్టుమీద సాగుచున్నట్లున్నది.

ఈ పటము 1946 వేసవిలో రాయల్ అకాడమీ ప్రదర్శనమున నుంచబడినపుడు విమర్శకులు ముభావముగా గ్రహించిరి. విచారణను స్వయముగా జూచినవారు మాత్రము మిక్కిలి మెచ్చుకొనిరి. ఈ భేదము గమనింపదగినది. సభను జూడనివారికి గోడలేమి దోషముగా దోచినది. సభలో గూర్చున్నవారికి దాము ప్రతిదినము పొందిన యనుభవము దానియందు గనబడినది.

ఇపుడు ప్రమాణవిచారము చేయుదము. కంటి కగపడినదే సత్యమన్నచో, పై మూడవవంతు అసత్యమే. ఆ గదిలో గూర్చుండి యా మంటలను జూచినవా రెవ్వరును లేరు. అయితే యా న్యాయసభ స్వయముగా జేసిన పనియొకటి యిచట స్మరింపదగును. 1945 నవంబరు 29 వ తేదీన బ్రాసిక్యూషనువారు నాజీ నిర్బంధశిబిరములను గూర్చిన చలనచిత్రమును సభలో బ్రదర్శించిరి. దీపములార్పి తెరపై బొమ్మలు చూపుచుండగా, ముద్దాయిల ముఖవికారములను జనులు గనుటకై బోనులో మాత్రము చిన్నదీపముల వెలుగుంచిరి. చీకటిగదిలో వెలుగుచున్నవి రెండు: తెరపైని శవములు, తెరను జూచుచున్న ముద్దాయిలు. వ్రాతకాగితములచే వేలకొలది నేరములను నిరూపింపగలిగిన న్యాయవాదులకు గూడ, గోడ యొకటి తెరచి వెలుపలి లోకమును లోపలికి దేవలసివచ్చినది. మూడు నెలల పిమ్మట లారా నైట్ కుంచెతో జేసినదియు నదియే. కావున గోడలను దీసివేయుట చిత్రకర్త్రి స్వేచ్ఛావిహారము కాదు. ఆ సభయే యవలంబించిన రీతికి జిత్రరూపము. కారణమును, కార్యమును నొక్కచోట జూపనిది యీ మనుష్యులకును ఆ వినాశమునకును గల సంబంధము కంటికి దోపదు. ఛాయాగ్రాహకయంత్రము ముద్దాయిలను వేరుగా, శిథిలములను వేరుగా జూపగలదు. రెంటిని ముడివేసిన సంబంధమును జూపుట దానికి గష్టసాధ్యము.

ఇంతవరకు జిత్రకర్త్రి పక్షమున జెప్పితిమి. కాని నిష్పక్షపాతియగు చరిత్రకారుడు రెండు ఆక్షేపములను దాటరాదు.

మొదటిది: ఈ పటము తీర్పునకు ముందు వ్రాయబడినది, తీర్పునకు ముందే ప్రదర్శింపబడినది. అక్టోబరు 1 వ తేదీన వచ్చిన తీర్పులో బోర్మనుతో గూడ 12 గురికి మరణశిక్ష, హెస్, ఫుంక్, రేడర్ అను మువ్వురకు యావజ్జీవకారాగారము, నలువురకు బది మొదలు ఇరువది యేండ్ల వరకు శిక్ష విధింపబడెను. షాఖ్ట్, పాపెన్, ఫ్రిట్షే అను మువ్వురును నిర్దోషులని విడువబడిరి. అయినను బటమునందు 21 గురి తలలపైనను ఒకే మంట మండుచున్నది. న్యాయసభ యొక్కొక్కని నేరమును వేరువేరుగా దూచి, దోషిని నిర్దోషిని విడదీయుటకు పది నెలలు శ్రమపడెను. చిత్రమున కట్టి యోపిక లేదు. అది యందరిని నొక్క చూపులో గట్టివేసినది. చిత్రసాక్ష్యమునకు గల యీ పరిమితి నెన్నడును మరువరాదు. వ్యక్తిదోషమును నిర్ణయించుటకు బటము పనికిరాదు, తీర్పుప్రతియే పనికివచ్చును.

రెండవ యాక్షేపము మరింత గంభీరమైనది. పటమున గాలుచున్న నగరమేది? ఆ శిథిలములు ఆమె దినదినమును నడచిన న్యూరెంబర్గు శిథిలములను దలపించుచున్నవి. న్యూరెంబర్గును గాల్చినది బోనులో నున్నవారి విమానములు కావు. న్యాయపీఠమున నధ్యక్షత వహించినవాని దేశపు విమానములు. యుద్ధము నారంభించినవారు నాజీలే. 1939 సెప్టెంబరు 1 వ తేదీన బోలెండుపై దండెత్తినది జర్మనీయే. వార్సా, రాటర్‌డాము, కావెంట్రీ నగరములు మొదట గాలినది వారి చేతనే. ఇందు సందియము లేదు. కాని, నగరములను నిష్కారణముగా ధ్వంసము చేయుట యుద్ధనేరమని లండను ఒడంబడికయం దుండగా, ఆ న్యాయసభ యధికారము అక్షరాజ్యముల పక్షమున వర్తించినవారికే పరిమితమై యుండెను. విజేతల చేతలను విచారించుటకు దానికి హక్కే లేదు. ఒక్కచోట మాత్రము విజేతల ఛాయ తీర్పుపై బడినది. జలాంతర్గామి యుద్ధము విషయమున, అమెరికా నౌకాధిపతి నిమిట్సు తన దేశమువారును పసిఫిక్ మహాసముద్రమున నట్లే చేసిరని లిఖితపూర్వకముగా జెప్పుటచే, డోనిట్సునకు విధించిన పదియేండ్ల శిక్షకు ఆ యతిక్రమణమును ఆధారముగా గొనలేదని న్యాయసభ ప్రకటించెను. గగనమార్గమున జరిగిన నగరదాహములు మాత్రము విచారణకు రానేలేదు.

సభలోనికి రాని యా ప్రశ్నము పటములోనికి వచ్చినది. చిత్రకర్త్రి దానిని బుద్ధిపూర్వకముగా దెచ్చినదని నేను వాదింపను. ఆమె వ్రాతలవలన దెలియునది విధ్వంసము తన్ను వెంటాడినదని మాత్రమే. ఆమె దృష్టిలో నా మంటలు ముద్దాయిల పాపఫలములే కావచ్చును. అయినను వ్రాసినవారి యుద్దేశమును మించి సాక్ష్యము చెప్పుట మంచి యాధారములకు సహజగుణము. దానశాసనమును జెక్కించిన రాజు తన కీర్తికొఱకు జెక్కించును. మన మందు ఆనాటి పన్నులను, కొలతలను జదువుకొనుచున్నాము. అట్లే లారా నైట్ ముద్దాయిల నేరమును జూపుటకై తెరచిన గోడనుండి, ఆ సభ చూడనొల్లని వినాశము గూడ లోపలికి దొంగిచూచుచున్నది. పటమున న్యాయాధిపతులు లేరు. బోనును, దహింపబడిన నగరమును మాత్రమే యున్నవి. ఆ రెంటి నడుమ నిర్ణయము చేయవలసినవాడు పటము ముందు నిలిచినవాడే.

ఇట్టి దృశ్యము మన భాషాసాహిత్యమునకు గ్రొత్తది కాదు. తిక్కన సోమయాజి తెనిగించిన స్త్రీపర్వమున గాంధారి వ్యాసానుగ్రహముచే దివ్యదృష్టి బడసి, దూరమున నుండియే కురుక్షేత్రము నంతయు జూచినది. నడుమ నున్న దూరము తొలగిపోయినది. ఎవ్వరెచట గూలిరో, ఎవ్వరి భార్య లెవ్వరిపై బడి యేడ్చుచున్నారో యన్నియు నామెకు గనబడినవి. ఆ చూపు కేవలము కంటిచూపు కాదు. అయిన నసత్యమని యెవ్వరందురు? తన కుమారుల దుర్నయము నామె యెఱుగును. ఐనను యుద్ధము నాపగలవాడై యుండియు నుపేక్షించితివని శ్రీకృష్ణుని శపించుటకు వెనుదీయలేదు. ఓడినవారి దోషము గెలిచినవారి బాధ్యతను దుడిచివేయదని భారతకథ చూపినది. గోడలు లేని న్యూరెంబర్గు సభను జూచునపుడు తెలుగు చదువరికి స్త్రీపర్వము జ్ఞప్తికి వచ్చుట యీ సామ్యముచేతనే. లారా నైట్ భారతము జదివినదని దీని భావము కాదు. మహావినాశము నెదుట నిలిచినపుడు మనుష్యునకు కంటిచూపు చాలదనుట యుభయత్ర సమానమని మాత్రమే.

తరువాతి కథ సంక్షిప్తముగా జెప్పుదును. గోరింగ్ 1946 అక్టోబరు 15 వ తేదీరాత్రి చెరసాలలో విషము మ్రింగి మరణించెను. మరునాటి తెల్లవారకమునుపే మిగిలిన పదుగురు నురిదీయబడిరి. లారా నైట్ మరల సర్కసు, నాటకశాలల చిత్రములకు మరలెను. 1965 లో రాయల్ అకాడమీవారు ఆమె జీవితకాల చిత్రముల ప్రదర్శనము జరిపిరి. జీవించియున్న కాలమున నట్టి గౌరవము నచట బొందిన మొదటి స్త్రీ యామెయే. 1970 జులై 7 వ తేదీన, 92 వ యేట, ఆమె స్వర్గస్థురాలయ్యెను. న్యూరెంబర్గు న్యాయభవనమున నావిచారణకు స్మారకమైన ప్రదర్శనశాల 2010 లో దెరువబడినది.

ఇందువలన మనము గ్రహింపదగినది యేమనగా: చారిత్రకచిత్రమును జదువునపుడు మూడు ప్రశ్నములు వేసికొనవలయును. చిత్రకారుడు కంటితో జూచి వ్రాసినదేది? చూడక చేర్చినదేది? చూచియు విడిచినదేది? మొదటిదానిని ఇతరాధారములతో సరిపోల్చి గ్రహింపవలెను. రెండవదానిని అసత్యమని త్రోయక, ఏ యనుభవము దానిని జేర్పించినదో వెదుకవలెను. మూడవది చాలమారు లన్నింటికంటె నెక్కువ తెలుపును. బడులలో జరిత్రము బోధించువారు తీర్పుప్రతిని, ఛాయాచిత్రమును, ఈ తైలపటమును ఒక్కచోట బెట్టి విద్యార్థులకు జూపినచో, ఏది యేమి చెప్పగలదో, ఏది యేమి చెప్పజాలదో వారే తెలిసికొనగలరు. పటము నాధారముగా గొనరాదనుటకంటె, దేనికి గొనవలెనో, దేనికి గొనరాదో నిర్ణయించుట మేలని నా మనవి. ఇందలి గుణదోషములను విజ్ఞులు విచారింతురుగాక.